ప్రాథమిక విద్య: నిర్ణయం ఒకరిది, భారం మరొకరిది

న్యూఢిల్లీ: ఆరేళ్ళు నిండిన పిల్లను బడికి పంపాలా వద్దా, పంపితే ఏ బడికి, ఏ మాధ్యమంలో అన్నవి తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయాలుగా పైకి కనిపిస్తాయి. కాని ఆ కుటుంబం ఆలోచన మొదలుపెట్టక ముందే నిర్ణయంలో చాలా భాగం మరెక్కడో జరిగిపోయి ఉంటుంది. ఊళ్ళో బడి ఉన్నదా, ఉన్న బడిలో ఉపాధ్యాయులెందరు, మధ్యాహ్నం అన్నం పెడతారా, ఆ బడి వచ్చే ఏడాది ఉంటుందా అన్న ప్రశ్నలకు జవాబు ఢిల్లీలోనో, రాష్ట్ర రాజధానిలోనో, ఏదో ఒక న్యాయస్థానంలోనో తేలుతున్నది.

ఓటు లేనివారు ఆరేళ్ళ పిల్లలు. వారి చదువుకు ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధపడిన సందర్భాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఎన్నికల అవసరమో, కోర్టు ఆదేశమో, విదేశీ రుణమో వెనుకనుంచి నెట్టినప్పుడే ప్రాథమిక విద్య పద్దు కదిలింది. ఆ ఒత్తిడి లేని కాలాల్లో అది వెనుకబడిపోయింది. ఆ కాలాల మూల్యాన్ని చెల్లించినవారు మాత్రం నిర్ణయాలు తీసుకున్నవారు కారు.

కేంద్ర ప్రభుత్వం 2025లో నిర్వహించిన విద్యావ్యయ సర్వే ప్రకారం ప్రభుత్వ పాఠశాలలో చదివే విద్యార్థిపై కుటుంబం ఏడాదికి చేసే సగటు ఖర్చు 2,863 రూపాయలు. ప్రభుత్వేతర పాఠశాలల్లో అది 25,002 రూపాయలు. ఈ రెండు అంకెల మధ్య వ్యత్యాసం దినకూలీపై ఆధారపడిన ఇంటికి నెలల తరబడి సంపాదన. అయినప్పటికీ లక్షలాది కుటుంబాలు రెండో అంకెవైపే మొగ్గుచూపుతున్నాయి. ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఒక్క ఆదాయంలో దొరకదు.

పదేళ్ళ హామీ

నిర్బంధ ప్రాథమిక విద్య అన్న ఆలోచన దేశానికి కొత్తదేమీ కాదు. బరోడా సంస్థానాధిపతి శాయాజీరావు గైక్వాడ్ 1906 నాటికే తన సంస్థానమంతటా దానిని అమలులోకి తెచ్చారు. ఆ ఉదాహరణను చూపిస్తూ గోపాలకృష్ణ గోఖలే 1911లో ఇంపీరియల్ శాసన మండలిలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆరు నుంచి పదేళ్ళ బాలురకు చదువును నిర్బంధం చేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇవ్వాలన్నదే ఆ బిల్లు సారాంశం. ఖర్చు భరించలేమని ప్రభుత్వం వాదించింది. కూలిజనం పిల్లలు బడికి పోతే పొలం పనులు చేసేదెవరన్న ఆందోళన భూస్వామ్య వర్గాల్లో వ్యక్తమైంది. 1912లో 13 మంది అనుకూలంగా, 38 మంది వ్యతిరేకంగా ఓటు చేయడంతో బిల్లు వీగిపోయింది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 45వ అధికరణం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని నిర్దేశించింది. ఆ గడువు 1960తో ముగిసింది. ఆదేశిక సూత్రాలలో చేరిన కారణంగా దానికోసం పౌరుడు కోర్టుకు వెళ్ళే వీలు లేకపోయింది. హామీ ఉన్నది గాని అడిగే హక్కు లేదు.

డబ్బు ఏ దిశగా సాగిందో పంచవర్ష ప్రణాళికల కేటాయింపులే తెలుపుతాయి. మొదటి ప్రణాళికలో విద్యకు కేటాయించిన నిధుల్లో ప్రాథమిక విద్య వాటా 56 శాతం. రెండో ప్రణాళికకు వచ్చేసరికి అది 35 శాతానికి దిగజారింది. భారీ పరిశ్రమలకు ఇంజనీర్లు, నిపుణులు కావలసి వచ్చిన కాలమది. కళాశాలలు కావాలని అడిగిన పట్టణ మధ్యతరగతికి పత్రికల్లోను, శాసనసభల్లోను గొంతు ఉన్నది. పల్లె బడిలో రెండో గది కావాలని అడగవలసినవారికి అది లేదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని సిఫారసు చేసింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతాన్ని మళ్ళీ లక్ష్యంగా పేర్కొనవలసి రావడం గమనార్హం.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991లో వెలువరించిన గ్రంథంలో ఈ వైఫల్యానికి పేదరికం ఒక్కటే కారణమన్న వాదాన్ని తోసిపుచ్చారు. భారతదేశం కంటే పేదస్థితిలో ఉన్నప్పుడే అనేక దేశాలు నిర్బంధ విద్యను అమలు చేశాయని, ఇక్కడ అడ్డుపడింది పేదల పిల్లలు పనికి, తమ పిల్లలు చదువుకు అన్న విద్యావంత వర్గాల దృక్పథమని ఆయన వాదించారు. ఆ అభిప్రాయంతో విభేదించినవారు లేకపోలేదు. కాని దేశంలోనే కొన్ని రాష్ట్రాలు తక్కిన రాష్ట్రాలకంటే ముందుకు పోవడానికి కారణం కేవలం సంపద కాదన్నది నిర్వివాదాంశం.

మద్రాసులో రెండు నిర్ణయాలు

ఆర్థిక, సామాజిక, రాజకీయ కారణాలు ఒకే చోట ఎలా పెనవేసుకుంటాయో మద్రాసు రాష్ట్రం చూపింది. 1953లో ముఖ్యమంత్రి సి.రాజగోపాలాచారి ప్రాథమిక విద్యలో ఒక మార్పును ప్రవేశపెట్టారు. బడి వేళలను కుదించి పిల్లలను రెండు విడతలుగా చదివించడం, మిగిలిన సమయంలో తండ్రి చేసే వృత్తిని నేర్చుకోనివ్వడం అందులోని ప్రధానాంశాలు. ఉన్న గదులు, ఉన్న ఉపాధ్యాయులతోనే రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చునన్నది ఖజానా లెక్క. ఆ లెక్కలో తప్పు లేకపోవచ్చు. కాని కులవృత్తులు పుట్టుకతో వచ్చే సమాజంలో ఆ పథకం అర్థం వేరుగా పరిణమించింది. చాకలి కొడుకు చాకలిగాను, కుమ్మరి కొడుకు కుమ్మరిగాను మిగిలిపోవాలనడమేనని ద్రవిడ ఉద్యమం ధ్వజమెత్తింది. సొంత పక్షంలోనే అసమ్మతి రగిలి 1954లో రాజగోపాలాచారి పదవి విడిచిపెట్టారు.

ఆయన తరువాత వచ్చిన కె.కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశారు. ఆయన స్వయంగా చదువు మధ్యలో ఆపివేయవలసి వచ్చిన వ్యక్తి. 1956లో ఆయన ప్రభుత్వం బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ప్రారంభించింది. ఖజానా అంతకుముందు కంటే నిండుగా ఉన్నందువల్ల తీసుకున్న నిర్ణయం కాదది. బడిలో చేరని పిల్లవాడికి చదువుకంటే ముందు ఆకలి తీరాలన్న గ్రహింపు, వెనుకబడిన కులాల ఓటు బలాన్ని గుర్తించిన రాజకీయం అందుకు తోడ్పడినవి. 1982లో ఎం.జి.రామచంద్రన్ పథకాన్ని మరింత విస్తరించినప్పుడు ఇంత ఖర్చు ఎలా భరిస్తారన్న విమర్శ వినవచ్చింది. ఆ తరువాత అధికారంలోకి వచ్చిన ఏ పార్టీ కూడా దానిని ఎత్తివేసే సాహసం చేయలేదు.

కేరళ: బడి కోసం సమ్మె

పొరుగున ఉన్న కేరళ కథ మరొక విధమైనది. తిరువాన్కూరు సంస్థానంలో దళితుల పిల్లలను బడిలో చేర్చుకోవాలంటూ 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో అయ్యంకాళి నాయకత్వాన వ్యవసాయ కూలీలు పొలం పనులు మానివేసి సమ్మె చేశారు. కూలి రేటు పెంచమని మాత్రమే కాక పిల్లలకు చదువు కావాలని కూడా కూలీలు పనిముట్లు కింద పెట్టిన అరుదైన ఉదంతమది. ఒక దళిత బాలికను వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించిన బడిని అగ్రవర్ణాలవారు తగులబెట్టినా ఉద్యమం ఆగలేదు. బడి పాలకుల దయ కాదు, తమ హక్కు అన్న భావన అక్కడ కిందినుంచి పుట్టింది.

1957లో ఇ.ఎం.ఎస్.నంబూద్రిపాద్ నాయకత్వాన ఏర్పడిన తొలి ప్రభుత్వంలో విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి తెచ్చిన విద్యాబిల్లు ప్రయివేటు యాజమాన్యాల కింద పనిచేసే ఉపాధ్యాయుల జీతాలు, నియామకాలను ప్రభుత్వ నియంత్రణలోకి తేవడానికి ఉద్దేశించినది. చర్చి యాజమాన్యాలు, నాయర్ సర్వీస్ సొసైటీ దానిని తీవ్రంగా ప్రతిఘటించాయి. భూసంస్కరణలపై ఆగ్రహం కూడా తోడై ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా 1959 జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. బడి యాజమాన్యం ఎవరి చేతిలో ఉండాలన్న తగవు ఒక ప్రభుత్వ పతనానికి దారితీసిన కారణాల్లో ఒకటి కావడం విశేషం. కాగా 1991 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యత 52.21 శాతం కాగా కేరళలో అది 89.81 శాతం.

అప్పుతో వచ్చిన ఊపు

1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి చేర్చింది. అంతవరకు రాష్ట్రాల బాధ్యతగా ఉన్న రంగంలో కేంద్రం ప్రవేశించింది. 1986 విద్యా విధానాన్ని అనుసరించి మరుసటి ఏడాది మొదలైన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్ళకు నిర్ణయించుకున్న కనీస ప్రమాణమిది.

1991లో విదేశీ మారక నిల్వలు రెండు వారాల దిగుమతులకు కూడా చాలనంతగా అడుగంటాయి. ఆర్థిక సర్దుబాటు కార్యక్రమంలో భాగంగా ప్రభుత్వ వ్యయానికి కోత పడనారంభించింది. అంతవరకు ప్రాథమిక విద్యకు విదేశీ సహాయం తీసుకోవడానికి పెద్దగా ఇష్టపడని కేంద్రం వైఖరి మార్చుకున్నది. అప్పటికే ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఒకటి నడుస్తున్నది. 1994లో ప్రపంచ బ్యాంకు తదితర సంస్థల నిధులతో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం ఏడు రాష్ట్రాల్లోని 42 జిల్లాల్లో మొదలై, తరువాత 18 రాష్ట్రాల్లోని 272 జిల్లాలకు విస్తరించింది. జాతీయ సగటుకంటే స్త్రీ అక్షరాస్యత తక్కువగా ఉన్న జిల్లాలను ఎంపిక చేశారు. ఖర్చులో 85 శాతం కేంద్రం, 15 శాతం రాష్ట్రం భరించాలి.

ఆ నిధులతో గదులు లేచాయి, పుస్తకాలు వచ్చాయి. అయితే ఉపాధ్యాయుల జీతాల వద్ద పొదుపు మొదలైంది. మధ్యప్రదేశ్‌లో శిక్షాకర్మీలు, ఆంధ్రప్రదేశ్‌లో విద్యా వలంటీర్లు అన్న పేర్లతో తక్కువ వేతనానికి, ఉద్యోగ భద్రత లేకుండా నియామకాలు జరిగాయి. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1997 జనవరిలో ఒక హామీ ఇచ్చింది. కిలోమీటరు దూరంలో బడి లేని చోట 40 మంది పిల్లలు, గిరిజన ప్రాంతమైతే 25 మంది ఉన్నారని ఊరివారు అడిగితే 90 రోజుల్లో బడి ఏర్పాటు చేయాలన్నదే ఆ హామీ. వేలాది కుగ్రామాలకు తొలిసారిగా బడి వచ్చింది. అక్కడి పిల్లలకు లభించినది పూర్తి జీతం తీసుకునే, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు కాదన్న విమర్శ కూడా అంతే వాస్తవం. ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో చదువు అన్న సూత్రం పట్టణ పాఠశాలలకు వర్తించలేదు.

కోర్టు మెట్లు

రాజకీయం ఇవ్వని హక్కును న్యాయస్థానం ఇచ్చిన తీరు కూడా ఆసక్తికరమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల వివాదంలో 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు విద్య ప్రాథమిక హక్కేనని స్పష్టం చేసింది. సంపన్నుల కళాశాల సీట్ల తగవులోనుంచి పేదపిల్లల బడి హక్కు పుట్టింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం దాని ఫలితాలే. చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 1960 నాటికి తీరవలసిన మాట చట్టరూపం ధరించడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

మధ్యాహ్న భోజనం విషయమూ అంతే. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన పథకం కింద అధిక రాష్ట్రాల్లో వండిన అన్నానికి బదులు నెలకు మూడు కిలోల ధాన్యం పంచేవారు. ఒకవైపు ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం మురుగుతుండగా మరొకవైపు కరవు ప్రాంతాల్లో ఆకలి ఉన్నదంటూ 2001లో పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రతి పిల్లవాడికి కనీసం 300 క్యాలరీల వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004లో కేంద్రం ఆదాయపు పన్ను తదితరాలపై 2 శాతం విద్యా సెస్సు విధించింది.

అన్నం గిన్నెలోకీ కులం ప్రవేశించింది. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు సూచించింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన భోజనాన్ని అగ్రవర్ణ విద్యార్థులు నిరాకరించగా ఆమెను తొలగించి, విమర్శలు రావడంతో తిరిగి తీసుకోవలసి వచ్చింది. గుడ్డు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న పోషకాహార నిపుణుల చేతిలోనుంచి మతాచార్యుల, రాజకీయ నాయకుల చేతుల్లోకి పోయిన రాష్ట్రాలు కూడా ఉన్నాయి. ఇదిలా ఉండగా 2025 మే నెలనుంచి ప్రాథమిక తరగతి పిల్లవాడి భోజన సామగ్రికి కేంద్రం నిర్ణయించిన ఖర్చు రోజుకు 6 రూపాయల 78 పైసలు. వంట చేసేవారికి కేంద్ర ప్రమాణాల ప్రకారం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. కొన్ని రాష్ట్రాలు దానికి తమ వాటా కలిపి పెంచుకున్నాయి.

తల్లిదండ్రులు ఉదాసీనులా?

పేద తల్లిదండ్రులకు చదువుపై శ్రద్ధ లేదన్నది అధికార వర్గాల్లో దీర్ఘకాలం చెలామణి అయిన మాట. 1996లో బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హిమాచల్‌ప్రదేశ్ రాష్ట్రాల్లో జరిపిన సర్వే ఆధారంగా 1999లో వెలువడిన 'ప్రోబ్' నివేదిక ఆ మాటను పూర్వపక్షం చేసింది. మగపిల్లల చదువు ముఖ్యమని 98 శాతం, ఆడపిల్లల చదువు ముఖ్యమని 89 శాతం తల్లిదండ్రులు చెప్పారు. సర్వే బృందాలు వెళ్ళిన సమయంలో దాదాపు సగం బడుల్లో చదువు చెప్పడం జరగడంలేదు. ఉదాసీనత ఎవరిదో ఆ నివేదిక చదివినవారికి అర్థమైంది.

ఇదే సత్యాన్ని 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ ఆచరణలో చూపింది. శాంతా సిన్హా ఆధ్వర్యాన ఆ సంస్థ బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడేనన్న సూత్రాన్ని పట్టుకుని, పశువులు కాసే పిల్లలను, విత్తన క్షేత్రాల్లో పనిచేసే బాలికలను శిబిరాల్లో చదివించి వయసుకు తగిన తరగతుల్లో చేర్పించింది. కూలి పోతుందని తల్లిదండ్రులు పిల్లలను పంపరన్న వాదం చాలా చోట్ల నిలబడలేదు. బడి అందుబాటులో ఉండి, చేర్చుకునేవారు ఉంటే కుటుంబాలు ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడ్డాయి. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం లభించింది.

ఇంట్లో జరిగే లెక్క

ఇంతటి ఆకాంక్ష ఉన్న కుటుంబం ఇప్పుడు చేస్తున్న లెక్క వేరు. ఇద్దరు పిల్లలుండి ఒకరికి మాత్రమే ఫీజు కట్టగలిగిన ఇంట్లో ప్రయివేటు బడి కొడుకుకు, ప్రభుత్వ బడి కూతురికి దక్కడం సర్వసాధారణంగా మారింది. ప్రభుత్వ పాఠశాలల్లో బాలికల నిష్పత్తి బాలురకంటే ఎక్కువగా ఉండడం ఇందుకు నిదర్శనమని పరిశీలకులు భావిస్తున్నారు. బాలికల చేరిక పెరిగిందన్న సంతోషకరమైన అంకె వెనుక ఈ పంపకం దాగి ఉన్నది.

చేతిలో డబ్బు ఆడినంతసేపే ప్రయివేటు బడి. గ్రామీణ భారతంలో 6-14 ఏళ్ళ పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం కాగా, కొవిడ్ అనంతరం 2022లో 72.9 శాతానికి పెరిగారని, 2024 నాటికి తిరిగి 66.8 శాతానికి తగ్గారని 'అసర్' నివేదికలు తెలుపుతున్నాయి. ఆదాయాలు పడిపోయినప్పుడు ప్రభుత్వ బడి ఆదుకున్నది. కాస్త కోలుకోగానే కుటుంబాలు దానిని విడిచి వెళ్ళాయి. ఆ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2024లో 23.4 శాతమే అన్నది చూస్తే వారిని తప్పుపట్టడం కష్టం. ప్రయివేటు బడుల్లో స్థితి కొంత మెరుగేగాని గర్వించదగినది కాదు.

భాష ఈ లెక్కలో మరొక పద్దు. పశ్చిమబెంగాల్‌లో వామపక్ష ప్రభుత్వం 1980ల తొలినాళ్ళలో ప్రాథమిక తరగతుల్లో ఇంగ్లీషును ఎత్తివేసి, తల్లిదండ్రుల అసంతృప్తికి తలవంచి 2004 నాటికి ఒకటో తరగతినుంచే తిరిగి ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చుతూ వెలువడిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. మాతృభాషలో పునాది గట్టిపడుతుందన్నది విద్యావేత్తల మాట. ఆ మాట చెప్పేవారి పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారన్నది కూలితల్లి ఎదురుప్రశ్న. రెంటిలోనూ సత్యం లేకపోలేదు. అదే రాష్ట్రంలో 2020 జనవరినుంచి 'అమ్మ ఒడి' కింద తల్లికి ఏటా 15 వేల రూపాయల సహాయం ప్రకటించారు. ప్రభుత్వం మారిన తరువాత 2025 జూన్‌లో 'తల్లికి వందనం' పేరిట ఇంట్లో చదివే పిల్లలందరికీ దానిని వర్తింపజేశారు. ప్రయివేటు బడిలో చదివే పిల్లల తల్లులకు కూడా ఈ సొమ్ము అందడంవల్ల ప్రభుత్వ ధనమే ప్రభుత్వ బడిని ఖాళీ చేయడానికి ఉపకరిస్తున్నదన్న విమర్శ ఉన్నది. కాని ఆ సొమ్ముతో కూతురిని బడి మానిపించకుండా నిలబెట్టుకున్న కుటుంబానికి ఆ విమర్శ పట్టదు.

పిల్లలు తగ్గిన బడి

కుటుంబాల నిర్ణయాలన్నీ కలిసి తిరిగి ప్రభుత్వ నిర్ణయంగా మారుతున్న దశ ఇది. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుని బదిలీ చేస్తారు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చెప్పలేకపోతే మిగిలిన పిల్లలూ వెళ్ళిపోతారు. అప్పుడు బడినే మరొక బడిలో కలుపుతారు. 2024-25 అధికారిక లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. వాటి సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉన్నది. ఒక్క విద్యార్థి కూడా లేని బడులు 7,993 కాగా పశ్చిమబెంగాల్ తరువాత తెలంగాణలోనే అవి అధికం.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో విలీనం చేయగా, అనేక గ్రామాల్లో వ్యతిరేకత వ్యక్తమై, 2025లో కొత్త ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నది. ఉత్తరప్రదేశ్‌లో 2025 జూన్‌లో 50 మందికంటే తక్కువ పిల్లలున్న బడులను పొరుగు బడులతో జతచేయాలని ఉత్తర్వు వెలువడింది. పరిపాలన దృష్టితో చూస్తే ఐదుగురు పిల్లలకు ఒక భవనం, ఒక జీతం దుబారాగానే కనిపిస్తుంది. అయితే దగ్గరి బడి మూతబడినప్పుడు సైకిలు, ఆటో ఉన్నవారి పిల్లలు ముందే వెళ్ళిపోయి ఉంటారు. మిగిలేది వాగు దాటి, రహదారి దాటి నడవవలసిన చిన్నపిల్లలు. వారిలో మొదట ఇంట్లో ఉండిపోయేది తమ్ముణ్ణి చూసుకునే ఆడపిల్ల. ఈ నష్టం ఏ బడ్జెట్ పత్రంలోనూ పొదుపు పక్కన కనిపించదు.

ఈ సమయంలోనే కేంద్రానికి, కొన్ని రాష్ట్రాలకు మధ్య నిధుల తగవు ముదిరింది. సమగ్ర శిక్షా పథకం కింద అధిక రాష్ట్రాలకు ఖర్చులో 60 శాతం కేంద్రం ఇవ్వవలసి ఉన్నది. 2022లో ఆమోదించిన పి.ఎం.శ్రీ పాఠశాలల పథకంలో చేరాలంటే జాతీయ విద్యా విధానాన్ని అమలు చేస్తామని ఒప్పందంపై సంతకం చేయాలి. త్రిభాషా సూత్రాన్ని వ్యతిరేకించే తమిళనాడు అందుకు నిరాకరించగా సమగ్ర శిక్షా నిధులు నిలిచిపోయాయి. రెండు వేల కోట్ల రూపాయలకు పైబడిన బకాయి కోసం ఆ రాష్ట్రం 2025 మే నెలలో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. కేరళ 2025 అక్టోబరులో సంతకం చేసి, కూటమి భాగస్వామి అభ్యంతరంతో కొద్ది రోజులకే అమలును నిలిపివేసింది. విధానంపై ఇరుపక్షాల వాదనల్లోనూ బలం ఉండవచ్చు. నిలిచిపోయిన సొమ్ము మాత్రం పిల్లల సొమ్ము.

పొరుగు దేశాల అనుభవం

ఉపఖండంలో ఈ చిక్కుముడిని ముందుగా విప్పినది శ్రీలంక. అక్కడ 1931లోనే వయోజన ఓటు హక్కు వచ్చింది. ఆ ఓటుతో ఏర్పడిన స్టేట్ కౌన్సిల్‌లో విద్యామంత్రిగా ఉన్న సి.డబ్ల్యు.డబ్ల్యు.కన్నంగర కృషి ఫలితంగా 1945లో, అంటే స్వాతంత్ర్యానికి ముందే, ఉచిత విద్య అమలులోకి వచ్చింది. గ్రామీణ ఓటరు అడిగినది బడిని. ఇచ్చినవారు ఎన్నికల్లో నిలవవలసినవారు.

బంగ్లాదేశ్ మరొక మార్గం తొక్కింది. 1993లో బడికి వెళ్ళే పిల్లలున్న పేద కుటుంబాలకు ధాన్యం ఇచ్చే పథకాన్ని ప్రారంభించి, 2002లో దాని స్థానంలో నగదు ఉపకార వేతనం ప్రవేశపెట్టింది. పిల్లవాడి కూలితో పూడే లోటును ప్రభుత్వం పూడ్చితే బడి హాజరు పెరుగుతుందని ఆ అనుభవం తెలిపింది. బడిలోపల చదువు బాగుపడడం అన్నది వేరే పని అని కూడా అదే అనుభవం హెచ్చరించింది.

ఎవరి పిల్లలు?

2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఒక అసాధారణ ఆదేశం ఇచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ ఖజానానుంచి జీతం, ప్రయోజనం పొందే అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయవ్యవస్థలోనివారు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే చదివించేలా చర్యలు తీసుకోవాలన్నదే అది. నిర్ణయించేవారి పిల్లలు అక్కడ లేనందువల్లనే ఆ బడులు దురవస్థలో ఉన్నాయని కోర్టు అభిప్రాయపడింది. ఆదేశం ఆచరణలోకి రాలేదు. ఎవరి పిల్లలను ఏ బడికి పంపాలో నిర్బంధించడం సాధ్యమా, న్యాయమా అన్న చర్చ కూడా అప్పుడు సాగింది.

చర్చ ముగిసినా కోర్టు వేలెత్తి చూపిన స్థితి మారలేదు. గోఖలే బిల్లును ఓడించిన 38 మందికి గాని, రెండో ప్రణాళికలో ప్రాథమిక విద్య వాటాను తగ్గించినవారికి గాని, 50 మంది లేని బడిని పొరుగు బడితో కలపమని సంతకం చేసినవారికి గాని ఆ బడితో సొంత పని లేదు. ఉన్నది కూలికి పోతూ పిల్లను బడిలో వదిలివెళ్ళే తల్లికి. ఆమె మాట ఎన్నికల వేళ వినబడిన చోట అన్నం వచ్చింది, బడి నిలిచింది. ఆ మాటను ఐదేళ్ళకొకసారి కాక, బడిని తెరిచే, మూసే ప్రతి సందర్భంలోనూ వినే ఏర్పాటును విద్యాహక్కు చట్టమే పాఠశాల యాజమాన్య కమిటీల రూపంలో చేసింది. కమిటీ సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలని, సగం మంది స్త్రీలై ఉండాలని చట్టం చెబుతున్నది. బడిని పొరుగు బడిలో కలిపే ఉత్తర్వు జారీ కావడానికి ముందు ఆ కమిటీ తీర్మానాన్ని తప్పనిసరి చేయడానికి కొత్త సెస్సు గాని, విదేశీ రుణం గాని అవసరం లేదు.